పాపకి ఉబ్బసం అన్నారు, ఇన్‌హేలర్ అంటే ఇంట్లో అందరూ భయపడుతున్నారు

కూకట్‌పల్లి నాన్న | మే 27, రాత్రి 10:15

అందరికీ నమస్కారం. మా పాపకి ఎనిమిదేళ్లు. రెండేళ్లుగా చలికాలం వస్తే దగ్గు, వానలు మొదలైతే దగ్గు. పగలంతా బాగానే ఆడుకుంటుంది. తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో లేచి కూర్చుంటుంది. దగ్గి దగ్గి వాంతి చేసుకుంటే గానీ మళ్లీ పడుకోదు. ప్రతిసారీ ఒక దగ్గుమందు, అయిదు రోజుల యాంటీబయోటిక్. తగ్గుతుంది, నెల తిరక్కుండా మళ్లీ మొదలు.

పోయిన వారం పెళ్లికి వెళ్లొచ్చాం. ఆ రాత్రి ఒళ్లో పడుకోబెట్టుకుంటే ఛాతీలోంచి సన్నగా ఈల వేసినట్టు శబ్దం. మెడ కింద గుంట ఊపిరి తీసుకున్న ప్రతిసారీ లోపలికి పోతోంది. భయపడి ఆసుపత్రికి పరిగెత్తాం. నెబులైజర్ పెట్టారు, అరగంటలో తేరుకుంది. రెండు రోజుల తర్వాత ఛాతీ డాక్టర్ గారు ఒక గొట్టంలోకి ఊదించారు. నాలుగు పఫ్‌లు ఇచ్చి, పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ ఊదించారు. రెండోసారి 18 శాతం ఎక్కువ వచ్చింది. ఉబ్బసమే అని చెప్పి, రోజూ పొద్దున రాత్రి వాడమని ఒక ఇన్‌హేలర్, ఆయాసం వచ్చినప్పుడు మాత్రమే వాడమని నీలంరంగుది ఒకటి రాశారు.

ఇంట్లో గొడవ ఇక్కడ మొదలైంది. మా అత్తగారు "ఆడపిల్ల, ఇప్పటి నుంచే అది అలవాటు చేస్తే జీవితాంతం వదలదు, రేపు సంబంధాలు ఎలా వస్తాయి" అంటున్నారు. మా ఆవిడ స్టెరాయిడ్ అనే మాట చదివి ఏడుస్తోంది. మృగశిర కార్తె దగ్గరికొచ్చింది కదా, చేపమందు వేయిద్దాం, మూడేళ్లు వేస్తే పోతుంది అని బంధువులు. ఇన్‌హేలర్ పెట్టె ఇంకా సీలు తీయలేదు. అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.

తెనాలి టీచరమ్మ | మే 27, రాత్రి 11:02

బాబూ, ముందు ఆ పెట్టె సీలు తీయండి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

నాకు 61 ఏళ్లు, ఉబ్బసం 34 ఏళ్లుగా ఉంది. పెళ్లయిన కొత్తలో మొదలైంది. మా అత్తగారింట్లో కూడా అచ్చం ఇవే మాటలు. ఇన్‌హేలర్ నలుగురి ముందు తీయకూడదు, ఆఖరి దశ వాళ్లు వాడేది అని. అందుకని ఆయాసం వచ్చినప్పుడల్లా ఊళ్లో ఒకాయన దగ్గర నరానికి ఇంజెక్షన్, చేతిలో చిన్న తెల్ల మాత్రలు. ఆ మాత్రలు వేసుకుంటే గంటలో ప్రాణం లేచొచ్చేది. ఆకలి బాగా వేసేది. ఇంత మంచి మందు ఉండగా ఇంకేం కావాలి అనుకుని ఏడేళ్లు మింగాను.

ఏడో ఏడు నా మొహం నాకే తెలియనంత గుండ్రంగా ఉబ్బింది. షుగర్ వచ్చింది. బడిలో నల్లబల్ల దగ్గర కాలు జారి పడితే మణికట్టు విరిగింది. ఆ ఎక్స్‌రే చూసిన డాక్టర్ గారు అడిగారు, ఏం మాత్రలమ్మా వాడుతున్నావు అని. అప్పుడు తెలిసింది అవి స్టెరాయిడ్ మాత్రలని. ఇన్‌హేలర్‌లో స్టెరాయిడ్ ఉంటుందని భయపడి, దానికి ఎన్నో రెట్ల స్టెరాయిడ్ ఏడేళ్లు కడుపులోకి పంపాను నాయనా.

ఇన్‌హేలర్ మొదలుపెట్టి 27 ఏళ్లు. రిటైరయ్యేదాకా పాఠం చెప్పాను. మీ పాపకి ఆ ఏడేళ్లు రాకూడదు.

ఇందూరు అబ్బాయి | మే 28, ఉదయం 7:30

అన్నా, నేను వేరే మాట చెప్తా, ఎవరూ తప్పుగా అనుకోవద్దు. మా నాయనకు దమ్ము ఉండె. 2009 నుంచి మూడేళ్లు వరుసగా నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కు తీసుకపోయినం. చిన్న కొర్రమీను పిల్ల నోట్లో పసుపుపచ్చ ముద్ద పెట్టి, బతికున్నదాన్ని అట్లనే గొంతులో వేస్తారు. శాకాహారులకు బెల్లంలో పెట్టి ఇస్తారు. తర్వాత 45 రోజులు పథ్యం. బత్తిని కుటుంబం వాళ్లు 1845 నుంచి ఇస్తున్నామని చెప్తారు, పైసా తీసుకోరు. ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో వస్తారు జనం. నాయనకు నిజంగ తగ్గింది. రాత్రి పూట కూర్చోకుండ పండుకున్నడు. నా కళ్లతో చూసిన. నమ్మకాన్ని కొట్టిపారేయొద్దు అన్నదే నా మాట.

ఊపిరి డాక్టర్ | మే 28, మధ్యాహ్నం 2:10

ఓపీ అయ్యాక రాస్తున్నాను. ప్రభుత్వ ఆసుపత్రిలో ఛాతీ విభాగంలో పనిచేస్తాను. పాపని నేను చూడలేదు కాబట్టి మందుల మోతాదు చెప్పను. జబ్బు గురించి చెబుతాను.

ఊపిరి గొట్టం లోపలి గోడ ఎప్పుడూ కాస్త వాచి, కందిపోయి ఉంటుంది. ఉబ్బసం అంటే అదే. ఆయాసం లేని రోజున కూడా ఆ వాపు ఉంటుంది. అలా కందిన గొట్టానికి దుమ్మో, పొగో, జలుబో, చల్లగాలో తగిలితే దాని చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది, లోపల జిగట కఫం ఊరుతుంది. దారి సన్నబడి గాలి బయటికి పోలేక పిల్లికూతలు వస్తాయి. నీలం ఇన్‌హేలర్‌లో ఉండే సాల్బుటమాల్ బిగిసిన కండరాన్ని నాలుగైదు నిమిషాల్లో వదులు చేస్తుంది, అంతే. వాపు జోలికి పోదు. వాపు తగ్గించేది రోజూ వాడే రెండో ఇన్‌హేలర్. అది వాడిన వెంటనే ఏమీ తెలియదు, రెండు మూడు వారాలకు గానీ తేడా కనిపించదు. దీంతో ఏం లాభం లేదని జనం దాన్నే మానేసి, వెంటనే హాయినిచ్చే నీలాన్ని పట్టుకుంటారు. మన దగ్గర జరుగుతున్న నష్టమంతా ఈ ఒక్క పొరపాటులో ఉంది. ప్రపంచంలోని ఉబ్బసం రోగుల్లో దాదాపు 13 శాతం మంది భారతదేశంలో ఉంటే, ఉబ్బసంతో పోయేవాళ్లలో మాత్రం 42 శాతానికి పైగా మనవాళ్లేనని అంచనా. ఈ లెక్క చూసినప్పుడల్లా నాకు నిద్ర పట్టదు.

స్టెరాయిడ్ భయం గురించి. టీచరమ్మ గారు మింగిన లాంటి మాత్ర ఒకటి 10 మిల్లీగ్రాములు ఉందనుకోండి, అంటే 10,000 మైక్రోగ్రాములు. పిల్లలకు ఇన్‌హేలర్‌లో ఇచ్చే బుడెసొనైడ్ అనే స్టెరాయిడ్ సాధారణంగా రోజుకి 200 మైక్రోగ్రాముల దగ్గర మొదలవుతుంది, అదీ నేరుగా ఊపిరి గొట్టంలోకి. ఎత్తు పెరగదేమో అని అడుగుతారు. దాచకుండా చెబుతాను, పిల్లలప్పటి నుంచి ఏళ్ల తరబడి వాడినవాళ్లలో పెద్దయ్యాక ఎత్తు సగటున ఒక సెంటీమీటరు చిల్లర తగ్గినట్టు చూశారు. రాత్రిళ్లు నిద్రలేక, తిండి సహించక, నెలకోసారి జబ్బుపడే పిల్ల పోగొట్టుకునేది అంతకన్నా ఎక్కువ.

అలవాటు పడటం అనేది లేదు. కళ్లజోడు పెట్టుకుంటే కళ్లు జోడుకి అలవాటు పడ్డాయని అంటామా?

చేప ప్రసాదం మీద పద్ధతి ప్రకారం పరీక్ష చేసి ఉబ్బసం తగ్గుతుందని చూపించిన ఆధారం లేదు. ఇందూరు తమ్ముడు చూసింది అబద్ధమని నేను అనను. ఉబ్బసం తనంతట తానే కొన్నాళ్లు నెమ్మదిస్తుంది, మళ్లీ లేస్తుంది. 45 రోజులు పొగకి, దుమ్ముకి దూరంగా ఉన్నా తేడా కనిపిస్తుంది. నా భయం వేరు. ఆయాసంగా ఉన్న ఎనిమిదేళ్ల పిల్ల గొంతులో బతికున్న చేప వేయడం ఒకటి, ఆ దుమ్ములో, తోపులాటలో గంటలు నిలబెట్టడం రెండోది. వీటన్నిటికన్నా పెద్దది, అది వేశాం కదా అని ఇన్‌హేలర్ ఆపేయడం.

కూకట్‌పల్లి నాన్న | మే 28, సాయంత్రం 6:45

డాక్టర్ గారూ, చాలా థ్యాంక్స్. మీరు రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకుంది. పెట్టె తెరిచాం. కానీ స్పేసర్ అనే పెద్ద గొట్టం ఇచ్చారు, దాన్ని ఎలా పట్టుకోవాలో షాపులో చెప్పలేదు, ఆసుపత్రిలో అర నిమిషంలో చూపించి పంపేశారు. పాప పీల్చగానే దగ్గేస్తోంది. మందు లోపలికి పోయిందో లేదో టెన్షన్‌గా ఉంది.

మందుల షాపు మల్లన్న | మే 28, రాత్రి 9:20

అన్నా, వరంగల్‌లో 19 ఏళ్లుగా మెడికల్ షాపు నడుపుతున్నా. దీని మీద నాకు చాలా చెప్పాలని ఉంది.

ముందు ఇన్‌హేలర్‌ని గట్టిగా నాలుగైదుసార్లు ఊపండి. స్పేసర్‌కి తగిలించి, పాపని నిటారుగా కూర్చోబెట్టి, ఊపిరంతా మెల్లగా బయటికి వదలమనండి. పెదాలు మూతి చుట్టూ గాలి పోకుండా బిగించాలి. ఒక్క పఫ్ నొక్కండి. ఇప్పుడు నెమ్మదిగా, పాయసం వాసన పీల్చినట్టు లోపలికి తీసుకోమనండి. పది లెక్కపెట్టేదాకా ఆపాలి. అలా ఆపలేని పిల్లలు స్పేసర్‌లోనే నాలుగైదు ఊపిర్లు మామూలుగా తీసుకున్నా సరిపోతుంది. రెండో పఫ్ రాసి ఉంటే మళ్లీ ఊపి మళ్లీ మొదటి నుంచి. రెండూ ఒకేసారి నొక్కొద్దు. అయ్యాక నీళ్లు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నాలుక మీద తెల్లపూత వస్తుంది. పొద్దున పళ్లు తోముకునే ముందు పెట్టుకుంటే ఆ పని దానంతటదే అయిపోతుంది.

స్పేసర్‌ని వారానికోసారి సబ్బునీళ్లలో ముంచి తీసి గాలికి ఆరబెట్టండి. బట్టతో తుడవొద్దు. తుడిస్తే లోపలి ప్లాస్టిక్‌కి మందు అతుక్కుపోతుంది.

క్యాప్సూల్ వేసి పీల్చే రోటాహేలర్ అయితే పద్ధతి తలకిందులు. అందులో పొడి ఉంటుంది కాబట్టి ఒక్కసారిగా, గట్టిగా పీల్చాలి. పోయిన సంక్రాంతికి ఒక పెద్దాయన వచ్చి "మూడు నెలలైంది, ఏం గుణం లేదు బిడ్డా" అన్నాడు. ఎలా వాడుతున్నావు తాతా అంటే జేబులోంచి క్యాప్సూల్ తీసి నా ముందే నోట్లో వేసుకుని నీళ్లు తాగాడు. మూడు నెలలు మింగాడు. పరికరం ఇంట్లో అల్మారాలో కొత్తగా అట్లనే ఉంది. తప్పు ఆయనది కాదు, చేతిలో పెట్టి చూపించనివాళ్లది. ఆ రోజు నుంచి ఎవరికి ఇచ్చినా మొదటిది నా ముందే పీల్చమంటున్నా.

శ్రీకాకుళం అక్క | మే 29, ఉదయం 6:05

నేను ఎప్పుడూ చదివి వెళ్లిపోయేదాన్ని. ఇవాళ రాయాలనిపించింది.

మా తమ్ముడు 26 ఏళ్లకే పోయాడు. చిన్నప్పటి నుంచి ఆయాసం. ఉద్యోగానికి వెళ్లాక జేబులో ఎప్పుడూ నీలం ఇన్‌హేలర్ ఉండేది. రెండు పఫ్‌లు కొట్టుకునేవాడు, క్రికెట్ ఆడేవాడు. రోజూ వాడమన్న రెండోది "దాంతో ఏం తెలియట్లేదక్కా" అని మానేశాడు. ఆఖరి రోజుల్లో నెలకి రెండు నీలాలు అయిపోతున్నాయని అతని రూమ్మేట్ తర్వాత చెప్పాడు. ఆ రాత్రి పదిసార్లకి పైగా కొట్టుకున్నాడు. తెల్లారాక డాక్టర్ దగ్గరికి వెళ్దాంలే అన్నాడట. తెల్లవారుజామున ఆ ఈల శబ్దం ఆగిపోయింది. తగ్గింది, పడుకున్నాడు అనుకున్నారు రూమ్మేట్లు.

ఆ శబ్దం ఆగడం గాలి లోపలికే పోకపోవడం వల్ల అని మాకు చాలా రోజుల తర్వాత ఒక డాక్టర్ చెప్పారు. ఈ ఒక్క ముక్క మా ఇంట్లో ఎవరికైనా తెలిసి ఉంటే బాగుండేది. అందుకే రాశాను.

తెనాలి టీచరమ్మ | మే 29, ఉదయం 6:40

తల్లీ, చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఇది రాయడానికి ఎంత ధైర్యం కావాలో నాకు తెలుసు.

ఊపిరి డాక్టర్ | మే 29, మధ్యాహ్నం 1:30

అక్కా, మీ తమ్ముడి గురించి రాసినందుకు నమస్కారం. మీరు చెప్పింది ముమ్మాటికీ నిజం. ఆయాసం తగ్గకుండానే పిల్లికూతలు ఆగిపోతే అది అతి ప్రమాదకరమైన గుర్తు.

నీలం ఇన్‌హేలర్‌లో సుమారు 200 పఫ్‌లు ఉంటాయి. ఏడాదికి మూడు లేదా అంతకన్నా ఎక్కువ అయిపోతున్నాయంటే జబ్బు అదుపులో లేదు, తీవ్రమైన ఆయాసం వచ్చే అవకాశం ఎక్కువ. నెలకొకటి అయిపోతోందంటే ప్రాణానికే ముప్పు. ఈ కారణంగానే 2019లో జీనా అనే అంతర్జాతీయ ఉబ్బస మార్గదర్శక సంస్థ తన సలహాని మార్చింది. పెద్దవాళ్లకీ, 12 ఏళ్లు దాటిన పిల్లలకీ సాల్బుటమాల్ ఒక్కటే ఇచ్చి వదిలేయకూడదని తేల్చి చెప్పింది. ఇప్పుడు చాలామందికి వాపు తగ్గించే బుడెసొనైడ్, బిగిసిన కండరాన్ని వదులు చేసే ఫార్మోటెరాల్ కలిసిన ఒకే ఇన్‌హేలర్ రాస్తున్నాం. రోజూ వాడేదీ అదే, ఆయాసం వచ్చినప్పుడూ అదే. అలా అయితే హాయి కోసం పీల్చిన ప్రతిసారీ వాపు మందు కూడా లోపలికి పోతుంది. చిన్నపిల్లలకు పద్ధతి వేరుగా ఉంటుంది, మీ డాక్టర్ చెప్పినట్టే చేయండి.

పల్నాడు రైతుబిడ్డ | మే 29, రాత్రి 8:15

డాక్టర్ గారూ, మా అమ్మ గురించి అడగొచ్చా? 52 ఏళ్లు. ఫిబ్రవరి నుంచి మే దాకా మిరపకాయల తాలు ఏరే కూలికి వెళ్తుంది. కోల్డ్ స్టోరేజీ దగ్గర షెడ్డులో, కుప్పల మధ్య కూర్చుని. ఘాటుకి అందరికీ దగ్గు వస్తుంది కానీ అమ్మకి ఇంటికొచ్చాక కూడా ఆగదు. రాత్రి ఆయాసం. ఆదివారం పని లేకపోతే కొంచెం నయం. జూన్‌లో వానలు పడి పని ఆగిపోయాక మామూలు మనిషి అయిపోతుంది. ఇంట్లో గ్యాస్ ఉన్నా నీళ్లు కాచుకునేది, అన్నం వండేది ఇంకా కట్టెల పొయ్యి మీదే. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించుకుంటే రెండు రోజులు బాగుంటుంది. బీపీకి, కంటికి కూడా మందులు వాడుతోంది.

ఊపిరి డాక్టర్ | మే 29, రాత్రి 10:50

మీరు రాసిన దాంట్లోనే సగం రోగ నిర్ధారణ ఉంది. పనిలో ఉన్న రోజుల్లో ఎక్కువ, సెలవు రోజున తక్కువ, సీజన్ అయిపోతే మామూలు. పని వల్ల వచ్చిన ఉబ్బసమో, ఉన్న ఉబ్బసం పని వల్ల రేగడమో అయ్యుండొచ్చు. జిన్నింగ్ మిల్లులో పత్తి నూగు పీల్చేవాళ్లలో, రైస్ మిల్లు ఊక దుమ్ములో ఉండేవాళ్లలో, బేకరీలో పిండి కలిపేవాళ్లలో కూడా ఇలాంటివి చూస్తాం. అయితే 52 ఏళ్లు, ఏళ్ల తరబడి కట్టెల పొగ అంటున్నారు కాబట్టి సీఓపీడీ, అంటే పొగ లాంటి వాటివల్ల ఊపిరి గొట్టాలు శాశ్వతంగా సన్నబడే జబ్బు కూడా ఉందేమో చూడాలి. రెంటికీ పైకి ఆయాసం ఒకటే, లోపల జబ్బులు వేరు. ఊదించి చేసే స్పైరోమెట్రీ పరీక్ష ఒక్కటే తేలుస్తుంది. హైదరాబాద్ ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి లాంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో, బోధనాసుపత్రుల ఛాతీ విభాగాల్లో చేస్తారు. సీజన్‌లో ఉండగా ఒకసారి, పని ఆగాక ఒకసారి చేయిస్తే మరీ మంచిది.

కంటికి మందు అన్నారు. ఆ చుక్కల సీసా మీద టిమొలాల్ అని ఉందేమో ఇప్పుడే చూడండి. నీటికాసులకు వేసే ఆ చుక్క కంట్లోంచి ఒంట్లోకి పోయి ఊపిరి గొట్టాలను బిగించగలదు. బీపీ మాత్రల్లో అటెనొలాల్, ప్రొప్రనొలాల్ లాంటివి కూడా అంతే. మీరే ఆపేయకండి, సీసా, మాత్రల అట్టలు పట్టుకుని డాక్టర్‌కి చూపించండి. ఒళ్లు నొప్పులకి వేసుకునే ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ కొంతమంది ఉబ్బసం వాళ్లకి పడవు. అలాంటి మాత్ర వేసుకున్న గంటా రెండు గంటల్లో ఎప్పుడైనా ఆయాసం వచ్చిందా అని అమ్మని అడగండి.

పల్నాడు రైతుబిడ్డ | మే 29, రాత్రి 11:10

ఫోన్ చేసి అడిగాను సార్. చెల్లి సీసా చూసి చదివింది. టిమొలాల్ అనే ఉంది.

ఊపిరి డాక్టర్ | మే 29, రాత్రి 11:14

రేపు పొద్దున్నే కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. అమ్మకి ఆయాసం ఉందని చెప్పండి. వేరే రకం చుక్కలు ఉన్నాయి, మార్చి రాస్తారు.

వైద్య శారద, విజయవాడ | మే 30, ఉదయం 9:00

నేను ఆయుర్వేద వైద్యురాలిని. మా శాస్త్రం పేరు చెప్పి కొందరు ఇన్‌హేలర్ మాన్పిస్తున్నారు కాబట్టి ఒక మాట. చరక సంహితలో శ్వాస వ్యాధులు అయిదు రకాలు, అందులో తమక శ్వాస అన్నది మనం ఇప్పుడు ఉబ్బసం అంటున్న దానికి బాగా దగ్గర. పడుకుంటే ఎక్కువవుతుంది, కూర్చుంటే సుఖం, మబ్బు పట్టినా, చలిగాలి తగిలినా, తూర్పుగాలి వీచినా రేగుతుంది అని రాశారు. చదువుతుంటే మంచం పక్కన కూర్చుని చూసి రాసినట్టుంటుంది. దాన్ని యాప్యం అన్నారు. చికిత్స సాగినంత కాలం అదుపులో ఉండేది అని అర్థం. రెండు వేల ఏళ్ల కిందట వాళ్లే అలా రాస్తే, మూడు నెలల్లో వేళ్లతో సహా పీకేస్తామనే ప్రకటనలు నమ్మకండి. కొన్ని ఊరూపేరూ లేని పొడుల్లో స్టెరాయిడ్ మాత్రలు నూరి కలుపుతారు. అవి వాడితే మొదటి వారంలోనే అద్భుతంగా తగ్గుతుంది, అనుమానించాల్సింది అప్పుడే.

ఇంకో సంగతి. ఉమ్మెత్త ఆకు పొగ పీల్చే మన పాత వైద్యం 1802 ప్రాంతంలో మద్రాసు నుంచి ఇంగ్లండుకి వెళ్లింది. ఆ జాతి మొక్కల్లోని అట్రోపిన్ దారిలోనే ఇప్పుడు నెబులైజర్‌లో వేసే ఇప్రట్రోపియం తయారైంది. కానీ ఉమ్మెత్త విషం, ఇంట్లో ఎవరూ ప్రయత్నించకండి. ప్రాణాయామం నా రోగులకు నేర్పుతాను, మనసు కుదుటపడుతుంది, ఊపిరి మీద పట్టు వస్తుంది. ఇన్‌హేలర్ మాత్రం ఆపించను.

ఆస్టిన్ తెలుగమ్మాయి | మే 31, ఉదయం 4:20

నాకు చిన్నప్పుడు గుడివాడలో ఆయాసం ఉండేది, 13 ఏళ్లకి పోయింది. పోయిందనే అనుకున్నాం. టెక్సాస్ వచ్చిన రెండో చలికాలం మళ్లీ పట్టుకుంది. ఇక్కడ డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మౌంటెన్ సీడర్ అనే చెట్ల పుప్పొడి పొగలా లేస్తుంది. కారు మీద పసుపు జల్లినట్టు ఉంటుంది. మన దగ్గర సర్కారు తుమ్మ, వయ్యారిభామ పుప్పొడి కూడా కొందరికి అలాగే పడదు.

నాన్న గారూ, మా బాబుకి కూడా ఉంది. ఇక్కడ డాక్టర్ ఒక కాగితం రాసి సంతకం చేసి ఇస్తారు, అది స్కూల్లో నర్సు దగ్గర ఒకటి, ఫ్రిజ్ మీద ఒకటి. ఆకుపచ్చలో ఉంటే రోజువారీ మందు, పసుపులోకి వస్తే ఏ మందు ఎన్ని పఫ్‌లు, ఎరుపులోకి వస్తే ఆసుపత్రి. పీక్ ఫ్లో మీటర్ అనే చిన్న గొట్టంలో పొద్దున ఊదితే అంకె వస్తుంది. వాడు బాగున్న రోజుల్లో ఊదిన అన్నిటికన్నా పెద్ద అంకె 220. దాంట్లో 80 శాతం, అంటే 176 కన్నా తగ్గితే పసుపు. 110 కన్నా తగ్గితే ఎరుపు. దగ్గు మొదలవడానికి ముందురోజే అంకె పడిపోవడం నేను చాలాసార్లు చూశాను. మీ డాక్టర్ని అడిగి అలాంటి కాగితం రాయించుకోండి. అమ్మమ్మలకి కూడా అర్థమవుతుంది.

ఒకవేళ ఉబ్బసానికి మాంటెలుకాస్ట్ అనే మాత్ర రాస్తే, పాప నిద్రలో కలవరింతలు, చిరాకు, దిగులు లాంటివి గమనించండి. అమెరికాలో 2020 మార్చిలో దాని మీద గట్టి హెచ్చరిక వేశారు. మా వాడికి పీడకలలు వచ్చాయి, డాక్టర్‌కి చెబితే మార్చారు.

కూకట్‌పల్లి నాన్న | జూన్ 11, రాత్రి 9:50

రెండు వారాలు దాటింది. రాత్రి దగ్గు పూర్తిగా పోలేదు కానీ వారంలో ఒక్కరోజే లేచింది.

ఇల్లు మొత్తం వెతికాం. ఆశ్చర్యం ఏమిటంటే మేం ప్రేమతో చేస్తున్నవే ఎక్కువ. ప్రతి ఆదివారం తలంటి పోశాక అత్తగారు పాప జుట్టుకి సాంబ్రాణి పొగ వేస్తారు, తలుపులు మూసి. రాత్రి దోమల కాయిల్ పాప మంచం కిందే. ఒక కాయిల్ కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్లకి సమానమని ఒక పరిశోధనలో తేలిందని చదివి చేతులు వణికాయి. నేను సిగరెట్ కాల్చను, కానీ రెండేళ్లుగా పాప పక్కన అది వెలిగించింది నేనే. దోమతెర కట్టాం. తలదిండు మా అమ్మ పెళ్లినాటి బూరుగుదూది దిండు, దులిపితే ఎండలో దుమ్ము తెరలా లేచింది. తీసేశాం. దుప్పట్లు, గలేబులు వారానికోసారి వేడినీళ్లలో ఉతుకుతున్నాం, దుమ్ములో ఉండే కంటికి కనపడని పురుగులు చస్తాయట.

అత్తగారు సాంబ్రాణి మానేశారు. ఎవరూ చెప్పకుండానే. టీచరమ్మ గారి పోస్టు, శ్రీకాకుళం అక్క పోస్టు మా ఆవిడ చదివి వినిపించింది. నాంపల్లికి వెళ్లలేదు. ఇందూరు తమ్ముడూ, నువ్వు బాధపడొద్దు.

ఒకటి అడగాలి. పెరుగు, అరటిపండు పెట్టొద్దంటున్నారు అందరూ. నిజమా? ఇంకోటి, రాత్రి ఒక్కసారిగా వస్తే ఇంట్లో ఏం చేయాలి?

ఇందూరు అబ్బాయి | జూన్ 11, రాత్రి 10:30

బాధ ఎందుకన్నా, పాప మంచిగుండాలె. ఒక నిజం చెప్తా. ఈ చర్చ చదివి నాయనను అడిగిన. చేపమందు వేసుకున్న ఆ సంవత్సరమే బీడీ మానేసిండట. 45 రోజుల పథ్యంలో బీడీ వద్దన్నరని ఆపిండు, మళ్ల ముట్టలే. నాకు ఇన్నేండ్లు తెల్వదు. చలికాలం ఇప్పటికీ దమ్ము వస్తది, చెప్తలేడు. వచ్చే వారం ఊదించే పరీక్షకు తీసుకపోతున్న.

ఊపిరి డాక్టర్ | జూన్ 12, మధ్యాహ్నం 2:40

పెరుగన్నం పెట్టండి, అరటిపండు పెట్టండి. తిన్న ప్రతిసారీ ఆయాసం వచ్చినట్టు మీరే గమనిస్తే తప్ప ఏదీ మాన్పించొద్దు. ఎదిగే పిల్లకి తిండి తగ్గించి ఉబ్బసం తగ్గించలేం.

రాత్రి వస్తే ముందు నిటారుగా కూర్చోబెట్టండి, పడుకోబెట్టొద్దు. చుట్టూ మూగొద్దు, కిటికీ తీయండి. నీలం ఇన్‌హేలర్ స్పేసర్‌తో నాలుగు పఫ్‌లు, ఒక్కో పఫ్‌కి నాలుగైదు ఊపిర్లు. నాలుగు నిమిషాలు ఆగి తగ్గకపోతే మళ్లీ నాలుగు. అప్పటికీ తగ్గకపోతే, లేదా తగ్గినట్టే తగ్గి మూడు గంటల్లోపు మళ్లీ వస్తే ఆసుపత్రికే. దారిలో కూడా పఫ్‌లు ఇస్తూనే ఉండండి. 108కి ఫోన్ చేయండి. పాప వాక్యం పూర్తి చేయలేక ఒక్కో మాట ఆగి ఆగి అంటున్నా, పక్కటెముకల మధ్య గుంటలు పడుతున్నా, పెదాలు నీలంగా మారినా, మత్తుగా తూలుతున్నా, లెక్కలు చూస్తూ కూర్చోకుండా బయల్దేరండి.

ఎక్కడైనా ఊళ్లో స్పేసర్ లేకపోతే 500 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ నీళ్ల సీసా అడుగున ఇన్‌హేలర్ మూతి సరిపడేలా బిగువుగా రంధ్రం చేసి వాడొచ్చు. దక్షిణాఫ్రికాలో పిల్లల మీద పరీక్షించి చూశారు, కొన్న స్పేసర్‌తో దాదాపు సమానంగా పనిచేసింది.

తెనాలి టీచరమ్మ | జూన్ 12, సాయంత్రం 5:15

బాబూ, బడిలో క్లాస్ టీచర్‌కి చెప్పండి, దాచకండి. నా క్లాసులో ఒక పిల్ల ఇన్‌హేలర్‌ని సాక్సులో దాచుకుని వచ్చేది. నేను బల్ల మీద నాది తీసి అందరి ముందు పీల్చిన రోజు నుంచి తనూ పెన్సిల్ బాక్సులో పెట్టుకోవడం మొదలుపెట్టింది.

పల్నాడు రైతుబిడ్డ | జూన్ 30, రాత్రి 9:05

చుక్కలు మార్చారు. స్పైరోమెట్రీ చేశారు, అమ్మకి ఉబ్బసమే, సీఓపీడీ కాదన్నారు. పీల్చే మందు మొదలైంది. వచ్చే సీజన్‌కి తాలు ఏరే పనికి పోనివ్వను అన్నాను. "మరి నీ ఫీజు ఎవరు కడతారురా" అంది. షెడ్డు బయట గాలి తగిలే చోట కాటా దగ్గర పని అడుగుతున్నాం.

కూకట్‌పల్లి నాన్న | ఆగస్టు 19, రాత్రి 10:40

వానాకాలం సగం అయింది. జులైలో జలుబు చేసినప్పుడు ఒకసారి పాప పీక్ ఫ్లో అంకె 170కి పడింది, డాక్టర్ గారు రాసిచ్చిన కాగితం చూసి ఇచ్చాం, ఆసుపత్రికి వెళ్లాల్సిన పని పడలేదు. నీలం ఇన్‌హేలర్ మీది లెక్క చూశాను, మూడు నెలల్లో 22 పఫ్‌లు. ఇవాళ పరీక్షకి వెళ్తే ఇంకో మూడు నెలలు ఇలాగే ఉంటే మోతాదు తగ్గిద్దాం అన్నారు, మానేద్దాం అనలేదు.

ఆగస్టు 15కి బడిలో పరుగుపందెం పెట్టారు. పోయినేడు ఇదే పందెంలో సగంలో కూర్చుండిపోయింది. ఈసారి పదిహేను నిమిషాల ముందు డాక్టర్ చెప్పినట్టు రెండు పఫ్‌లు తీసుకుని పరిగెత్తింది. నాలుగో స్థానం. స్పేసర్ సంచి గేటు దగ్గర పట్టుకుని నిలబడింది మా అత్తగారు.

మందుల షాపు మల్లన్న | ఆగస్టు 19, రాత్రి 11:00

చాలా సంతోషం అన్నా. చలి మొదలయ్యే ముందు, దసరా తర్వాత ఒకసారి ఇన్‌హేలర్ గడువు తేదీ, మిగిలిన పఫ్‌ల అంకె చూసుకోండి. దీపావళి రాత్రి షాపులన్నీ తొందరగా మూసేస్తారు.